నడి ఏట్లో ఆగిన ఇంజన్

పోయిన ఆదివారం పొద్దున్నే మామ ఫోన్ చేశాడు. మా అమ్మ తమ్ముడు. సంగమేశ్వరం దగ్గర కృష్ణలో బోటు నడుపుతాడు.

"అల్లుడా, యాడుండావ్?"

"నంద్యాలలోనే మామా."

"ఇంజన్‌కు ఆయిలు మార్చాల. శివరాత్రికి జనం వస్తారు. నువ్వొస్తావా, మెకానిక్‌ను పిల్చుకోనా?"

నాకు వెంటనే నోట మాట రాలేదు. రెండేళ్ల కింద ఆ బోటుకు ఆయిల్ మార్చింది నేనే. నేను మార్చిన మూడో రోజు అది నడి ఏట్లో ఆగిపోయింది. లోపల పదకొండు మంది ఉన్నారు.

కుళాయి వాషర్లు, మిక్సీ బుష్‌లు, సైకిల్ చైన్లు అంటూ ఇన్ని వారాలుగా ఈ కాలమ్‌లో 'మనమే చేసుకుందాం' అని మీకు తెగ చెప్పాను కదా. ఈ సంగతి మాత్రం ఒక్కసారీ రాయలేదు. సిగ్గేసింది, అంతే. ఈ వారం రాస్తాను.

ముందు చోటు గురించి రెండు ముక్కలు. సంగమేశ్వరం మా నంద్యాల జిల్లాలోదే. 2022 ఏప్రిల్ 4న జిల్లా విడిపోకముందు కర్నూలు జిల్లా అనేవాళ్లం. కృష్ణ, వేణి, తుంగ, భద్ర, భీమరథి, మలాపహారిణి, భవనాశి, ఈ ఏడు నదులూ కలిసే చోటని పేరు. గుడి మాత్రం ఏడాదిలో చాలా నెలలు శ్రీశైలం డ్యామ్ వెనక నీళ్లలో మునిగే ఉంటుంది. ఎండాకాలం దగ్గరపడి నీళ్లు తగ్గేకొద్దీ మొదట శిఖరం, ఆ తర్వాత గోడలు బయటపడతాయి. అవతలి ఒడ్డు తెలంగాణ. బోటెక్కితే దాటేస్తాం. రోడ్డు మీద పోవాలంటే కర్నూలు చుట్టి రావాలి.

ఈ నీళ్ల మీద ఇంజన్ ఆగడం అంటే ఏంటో ఇక్కడి వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2007 జనవరిలో నెహ్రూనగర్ దగ్గర పడవ మునిగి అరవై మందికి పైగా పోయారు. దాని సంగతి వేరు, ఇంజన్‌తో ముడిపెట్టడం లేదు. కానీ ఈ ఒడ్డు ఊళ్లలో ఇప్పటికీ పడవ ఎక్కేటప్పుడు ముసలివాళ్లు ఒకసారి నీళ్లకు దండం పెట్టుకుని ఎక్కుతారు.

ఇక నాకు ఇంజన్లు ఎట్లా అంటుకున్నాయో చెప్పాలి. మాది ఆళ్లగడ్డ పక్క పల్లె. కరెంటు మోటర్ పెట్టుకోలేని చోట, వాగు నీళ్లు మడికి ఎక్కించడానికి నాయనకు ఒక ఆయిల్ ఇంజన్ ఉండేది. సింగిల్ సిలిండర్, డీజిల్, చేత్తో హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేది. ఎద్దును చూసుకున్నట్టే చూసుకునేవాడు. ఆయిల్ మార్చే రోజు నేను స్కూలు ఎగ్గొట్టేవాణ్ని.

నాయన దాన్ని ఆయిల్ అనడు, కందెన అంటాడు. పాత అలవాటు. బండి ఇరుసులకు వేసే కందెన వాళ్ల చిన్నప్పుడు ఇంట్లోనే తయారయ్యేదట. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపితే కందెన. నేను నవ్వేవాణ్ని. తర్వాత ఎక్కడో చదివాను. క్యాస్ట్రాల్ అనే పేరు కూడా ఆముదంలోంచే పుట్టింది. 1909లో ఇంగ్లండ్‌లో వేక్‌ఫీల్డ్ కంపెనీ తన కొత్త ఆయిల్లో ఆముదం కలిపింది. ఆముదాన్ని ఇంగ్లిష్‌లో క్యాస్టర్ అంటారు కదా, ఆ ముక్కనే పేరుగా పెట్టుకుంది. నాయనకు చెబితే "మన ఆముదమే మనకు డబ్బాలో అమ్ముతాండారా" అన్నాడు.

మామ బోటులో ఉన్నది కూడా అదే జాతి ఇంజన్. పొలంలో నీళ్లు తోడేదే ఏట్లో పంకా తిప్పుతుంది. అందుకే రెండేళ్ల కింద మామ అడగ్గానే 'అదెంత పని' అనుకుని పోయాను. అదే నా మొదటి తప్పు.

పొలంలో ఇంజన్ కింద మట్టి ఉంటుంది. కారినా తెలుస్తుంది, మట్టి నల్లబడుతుంది. ఎంతసేపైనా కూర్చుని పని చేసుకోవచ్చు. బోటులో ఇంజన్ కింద బోటు అడుగే ఉంటుంది, అందులో ఎప్పుడూ నాలుగు చెంబుల మురికి నీళ్లు నిలిచి ఉంటాయి. సంప్ బోల్టుకూ చెక్కకూ మధ్య నా అరచెయ్యి పట్టేంత సందు. ట్రే పెట్టడానికి లేదు. తలకిందులుగా వంగి, పానాతో బోల్టు విప్పి, కోసిన డబ్బా ముక్కలో పట్టి, సగం ఒలకబోసి, ఎట్లాగో కానిచ్చాను. మళ్లీ బోల్టు బిగించేటప్పుడు పాత వాషరే వేశాను.

రాగి వాషర్ అది. చూడ్డానికి బానే ఉంది. నాయన ఎప్పుడూ ఆ రాగి వాషర్‌ను పొయ్యి మీద ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచి, అప్పుడు వేసేవాడు. చిన్నప్పుడు అదేదో పూజ అనుకున్నాను. అసలు కారణం ఏంటంటే, ఒకసారి బిగించాక రాగి నలిగి గట్టిపడుతుంది. కాల్చితే మళ్లీ మెత్తబడుతుంది. మెత్తగా ఉంటేనే బోల్టుకూ సంప్‌కూ మధ్య సందు లేకుండా పరుచుకుంటుంది. గట్టిపడిన వాషర్ ఎంత బిగించినా ఎక్కడో వెంట్రుకవాసి వదులుతుంది. అల్యూమినియం వాషర్ అయితే కాల్చే పని కూడా పెట్టుకోవద్దు, ఒకసారి వాడి పారేయడమే. ఇరవై రూపాయల లోపు వస్తువు.

ఆ వెంట్రుకవాసి సందులోంచి రోజంతా చుక్క చుక్కా కారింది. కారింది కారినట్టే అడుగు నీళ్లలో కలిసిపోయింది. ఎవరికీ కనబడలేదు. మామ రెండు రోజులు డిప్‌స్టిక్ తీసి చూడలేదు. అల్లుడు మార్చాడు కదా, ఇంకేం చూడాలి అనుకున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం అవతలి ఒడ్డు నుంచి పదకొండు మందిని ఎక్కించుకుని వస్తుంటే ఇంజన్ శబ్దం మారింది. మామ చేయి లివర్ మీదికి పోయేలోపు గర్రుమని పట్టేసింది.

లైఫ్ జాకెట్లు ఉన్నాయి. గాలి లేదు. ఇంకో బోటు వచ్చి తాడు కట్టి లాక్కొచ్చింది. అంతా కలిపి ముప్పావు గంట. ఎవరికీ ఏమీ కాలేదు. ఒక చిన్న పిల్ల మాత్రం ఆ ముప్పావు గంటా వాళ్లమ్మ మెడ వదల్లేదట. ఆ మాట మామ నాకు చెప్పలేదు, అత్త చెప్పింది. మామ చెప్పింది ఒకటే. "బేరింగులు పోయినాయి అల్లుడా. పిస్టన్ కూడా గీరుకుంది." తిట్టి ఉంటే బాగుండేది.

అందుకే పోయిన ఆదివారం ఆ ఫోన్ రాగానే అట్లా అయిపోయాను. మెకానిక్‌ను పిలుచుకోమని చెప్పేద్దామనుకున్నాను. నోటి నుంచి మాత్రం "వస్తా మామా" అని వచ్చింది.

నంద్యాలలో సామాను కొన్నాను. ఐదు లీటర్ల డబ్బా, రెండు కొత్త వాషర్లు, ఫిల్టర్, పాత బనియన్ గుడ్డలు, ఒక టిష్యూ పేపర్ కట్ట. ఇంకా ఈసారి ఒక చేతి పంపు. సన్నటి పైపుతో ఆయిల్‌ను పైకి పీల్చేది. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. బోటు ఉన్నవాళ్లకు దేవుడిచ్చిన వస్తువు ఇది.

డబ్బా మీద రాతల గురించి ఒక మాట. 20డబ్ల్యు-40 అని ఉంటుంది. డబ్ల్యు అంటే వింటర్. మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత పలచగా పారుతుందో చెబుతుంది. నంద్యాలలో వింటర్ ఎక్కడిది అంటారా, నిజమే, మనకు రెండో అంకే ముఖ్యం. ఇంజన్ వేడెక్కాక ఎంత చిక్కగా నిలబడుతుందో అది చెబుతుంది. దాని పక్కనే ఏపీఐ అని ఉండి, తర్వాత అక్షరాలు ఉంటాయి. 'సీ'తో మొదలైతే డీజిల్ ఇంజన్‌కు, 'ఎస్'తో మొదలైతే పెట్రోల్‌కు. షాపులో "అన్నీ ఒకటే సార్, ఏదైనా వెయ్యొచ్చు" అంటారు. అన్నీ ఒకటి కాదు. ఇంజన్‌తో వచ్చిన పుస్తకంలో ఏది రాసుంటే అది.

మీలో చాలామందికి బోటు లేదు, బైక్ ఉంది, తెలుసు. మీకు ఇంకో జాగ్రత్త. మామూలు గేర్ల బైకుల్లో క్లచ్ కూడా ఆ ఇంజన్ ఆయిల్లోనే మునిగి తిరుగుతుంది. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారవచ్చు. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో చూసి కొనండి.

వెలుగోడు, ఆత్మకూరు మీదుగా ఒడ్డు చేరేసరికి పదిన్నర. మామ నా చేతిలో పంపు చూసి "ఇదేంది, పురుగుల మందు కొడతావా?" అన్నాడు.

మొదట ఇంజన్ స్టార్ట్ చేయించాను. పది నిమిషాలు నడవాలి. వేడెక్కితే ఆయిల్ పలచబడుతుంది, అడుగున పేరుకున్న మసి కూడా దాంతో కలిసి లేస్తుంది. చల్లటి ఇంజన్‌లోంచి ఆయిల్ తీస్తే మురికిని లోపలే వదిలి నూనెను మాత్రం మార్చినట్టు. అట్లని కాగిపోయేంత వేడి మీద చేయి పెట్టకండి. నా మణికట్టు మీద ఒక మచ్చ ఉంది, తొమ్మిదో తరగతి నాటిది.

ఆపాక డిప్‌స్టిక్ తీసి, ఆ రంధ్రంలోంచి పైపును అడుగు తగిలేదాకా దించి పంపు లాగాను. నల్లగా వచ్చింది. నల్లగా రావడం తప్పు కాదు. డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కూడా కొన్ని గంటల్లోనే నల్లబడుతుంది, మసిని పట్టుకోవడం దాని పని. చూడాల్సింది వేరే. టీలాగా, పాలు కలిసినట్టు ఉంటే లోపలికి నీళ్లు పోతున్నాయని లెక్క. ఎక్కడో గ్యాస్కెట్ పోయి ఉంటుంది. డీజిల్ వాసన గట్టిగా కొడితే ఇంధనం దిగుతున్నట్టు. రెండు వేళ్ల మధ్య రుద్దితే ఇసుకలా గరగరలాడితే లోహం అరుగుతున్నట్టు. మామ కూడా వేలు ముంచి రుద్ది చూశాడు. ఏమీ తగల్లేదు. ఇద్దరం పైకి చెప్పలేదు గానీ ఇద్దరమూ అదే చూసుకున్నాం.

వచ్చిన ఆయిల్‌ను కొలిచాను. ఇది చాలామంది చేయరు. ఎంత పోశామో, ఎంత బయటికి వచ్చిందో చూస్తే ఇంజన్ ఎంత తాగుతోందో, ఎక్కడైనా కారుతోందో తెలిసిపోతుంది. పావు లీటర్ తక్కువొచ్చింది. ఆ వయసు ఇంజన్‌కు ఫర్వాలేదు.

పంపుతో పని అయిపోయిందని లేచి ఉండొచ్చు. కింద బోల్టు ముట్టుకోకుండానే తప్పించుకోవచ్చు. చాలామంది బోటువాళ్లు అట్లాగే చేస్తారు, అందులో తప్పేమీ లేదు. కానీ మూల నిలిచిన మడ్డి పైపుకు అందలేదు. అదీగాక ఆ బోల్టు కింద ఉన్న వాషర్ రెండేళ్ల నాటిది. మళ్లీ తలకిందులుగా వంగాను. బోల్టు కింద గుడ్డలు కుక్కి, విప్పి, మిగిలిన చెంచాడు మడ్డిని గుడ్డలో పట్టి, అంచులు శుభ్రంగా తుడిచి, కొత్త వాషర్ వేశాను. ముందు వేళ్లతో తిప్పాలి. మరలు సరిగా పట్టాయని చేతికి తెలిశాకే పానా పెట్టాలి. అడ్డంగా ఎక్కిన బోల్టును బలంగా తిప్పితే సంప్ మరలే పోతాయి, అప్పుడు ఇంజన్ దించాల్సిందే. బిగింపు కూడా మితంగా ఉండాలి. భయం ఉన్నవాడు ఎక్కువ బిగిస్తాడు. నేను రెండుసార్లు ఎక్కువ బిగించబోయి ఆగాను.

కొత్త ఫిల్టర్ రబ్బరుకు కొంచెం కొత్త ఆయిల్ రాసి, చేత్తోనే బిగించాను. దానికి పానా వద్దు. తర్వాత ఆయిల్ పోశాను. ఒకేసారి డబ్బా వంచేయకుండా, లెక్క కంటే కొంచెం తక్కువ పోసి, డిప్‌స్టిక్ చూసుకుంటూ పై గీత దాకా తెచ్చాను. గీత దాటితే ఇంకా మంచిది అనుకుంటారు కొందరు. దాటితే క్రాంకు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగ దేనికీ కందెన కాదు.

ఇప్పుడు టిష్యూ పేపర్. అడుగు నీళ్లు పూర్తిగా తోడించి, తుడిచి, బోల్టు కింద తెల్లటి టిష్యూ పరిచాను. ఇంజన్ పదిహేను నిమిషాలు నడిపించాం. ఆ పదిహేను నిమిషాలూ మామ బీడీ ముట్టించకుండా వేళ్ల మధ్య తిప్పుతూనే ఉన్నాడు. ఆపి, టిష్యూ బయటికి తీసి ఎండలో పట్టుకుని చూశాను. తెల్లగా ఉంది. ఇంకొకటి పరిచి ఒడ్డు వెంబడి ఒక రౌండ్ కొట్టి వచ్చాం. అదీ తెల్లగానే ఉంది. మామ ఆ రెండో టిష్యూను మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎందుకో అడగలేదు.

బోటుకు కిలోమీటర్లు ఉండవు, గంటల లెక్క. ఈ రకం ఇంజన్లకు 250 గంటలకొకసారి మార్చమని చెప్పడం మామూలు. వెనక తగిలించే పెట్రోల్ అవుట్‌బోర్డ్ మోటర్లకైతే 100 గంటలు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది. మామకు ఫోన్‌లో నోట్స్ పెట్టడం నేర్పాను. అవన్నీ తన వల్ల కాదన్నాడు. బోటు లోపలి చెక్క మీద రోజుకొక సుద్దగీత పెడతానన్నాడు. అదీ సరిపోతుంది. ప్రతి పొద్దునా స్టార్ట్ చేసేముందు డిప్‌స్టిక్ చూస్తానని మాట కూడా ఇచ్చాడు. ఎవరు ఆయిల్ మార్చినా సరే.

ఇక చివరికి మిగిలింది డబ్బాలోని నల్ల ఆయిల్.

నేను చేతులు కడుక్కునేలోపు, బోటులో పని చేసే కుర్రాడు ఆ డబ్బా ఎత్తుకుని నీళ్ల వైపు నడుస్తున్నాడు. మామూలుగా, చెత్త పారేయడానికి పోయినట్టు. కేకేసి ఆపాను. "ఇంత పెద్ద ఏరన్నా, ఏమైతాది?" అన్నాడు. తప్పు వాడిది కాదు. రెండేళ్ల కింద నేను ఒలకబోసిన సగం ఆయిల్, ఆ తర్వాత మూడు రోజులు కారింది, అంతా అడుగు నీళ్లతోపాటు డబ్బాతో తోడి ఇదే ఏట్లో పోశారు. అప్పుడు నేనూ చూస్తూ ఊరుకున్నాను. నీళ్ల మీద రంగురంగుల పొర తేలితే ఫోటో కూడా తీశాను. బాగుందని.

1774లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండన్ దగ్గర ఒక కుంటలో చెంచాడు నూనె పోస్తే ఏమైందో రాసి పెట్టాడు. అది దాదాపు అర ఎకరం నీళ్ల మీద పరుచుకుంది. చెంచాడు నూనె, అర ఎకరం మడి. మన చేతిలో ఉన్నది మూడు లీటర్ల పైనే, అదీ మసీ లోహమూ కలిసింది.

ఈ నీళ్లు ఎక్కడికి పోతాయో కూడా చూడండి. శ్రీశైలం వెనక నీళ్లలోంచే పోతిరెడ్డిపాడు కాలువ బయలుదేరుతుంది. బానకచర్ల దగ్గర చీలి, ఒక పాయ వెలుగోడు రిజర్వాయర్‌లో నిండి, తెలుగుగంగ కాలువై ఆళ్లగడ్డ పక్క నుంచి దిగుతుంది. బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు దాటి చెన్నై మంచినీళ్లకు పూండి చెరువు చేరుతుంది. 1983లో రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకుని తవ్వుకున్న దారి అది. అంటే మామ బోటు కింద నీళ్లు మా నాయన మడిలోకీ, చెన్నైలో ఉద్యోగం చేసే మా చెల్లెలి బిందెలోకీ వస్తాయి. కుర్రాడికి ఇదంతా చెప్పలేదు. వాళ్ల ఊరి చేపల వలలు చూపించి "వీటికి పట్టుకుంటే వదలదు" అన్నాను. వెంటనే డబ్బా కింద పెట్టాడు.

చెదలు పట్టకుండా గుంజలకు పూసుకుంటాం అనేవాళ్లు మీ ఇళ్లలోనూ ఉంటారు. మా నాయనే పూసేవాడు. వాడిన ఆయిల్లో క్యాన్సర్ తెచ్చే పదార్థాలు ఉంటాయి, చర్మానికి అంటుకోవడమే మంచిది కాదు, వాన పడితే నేలలోకి దిగుతుంది. ప్రభుత్వ నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం, రిజిస్టర్ అయిన రీసైక్లింగ్ యూనిట్లకే పోవాలి. అక్కడ శుద్ధి చేసి మళ్లీ ఆయిల్‌గా మారుస్తారు. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారుచేసే కంపెనీల మీదే దాన్ని వెనక్కి రాబట్టే బాధ్యత కూడా పెట్టారు. కాగితం మీద బానే ఉంది. కిందటిసారి నా బైక్ ఆయిల్ తీసుకుని నంద్యాలలో ఒక షాపుకు పోతే, "డ్రైనేజీలో పోసెయ్ అన్నా" అని సలహా ఇచ్చారు. రెండో చోట తీసుకున్నారు. వాళ్ల వెనక పెద్ద డ్రమ్ము ఉంది, నెలకోసారి బండి వస్తుందట. మీ ఊళ్లోనూ పెద్ద సర్వీస్ సెంటర్‌లో అడగండి. మొదటి చోట వద్దంటే రెండో చోట.

అందుకే నల్ల ఆయిల్‌ను కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే పోసి, మూత గట్టిగా బిగించి, గుడ్డలు, పాత ఫిల్టర్ ఒక కవర్‌లో కట్టి నాతోనే తెచ్చుకున్నాను. ఒడ్డు మీద అత్త పెట్టిన చేపల పులుసు తిన్నాక మామ రోడ్డు దాకా వచ్చాడు. సోమశిల–సిద్ధేశ్వరం వంతెనకు 2022లో కేంద్రం 1,082 కోట్లు ఒప్పుకుంది కదా, అది కట్టేస్తే ఏం చేస్తావు మామా అని అడిగాను.

"బోటు అమ్మేస్తా. ఇంజన్ మీ నాయనకిస్తా" అన్నాడు. కాసేపాగి, "మళ్లా దసరా ముందర రా. ఆయిలు మారుద్దాం" అన్నాడు.

బస్సులో డబ్బా కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాను. ఆత్మకూరు దాటాక కండక్టర్ టికెట్ ఇస్తూ దాని వైపే చూశాడు. వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"నల్లమల తేనా సామీ? లీటరెంత?"